ఆనకట్ట ప్రోగ్రాం, గేదె వీపు దురద

అనగనగా ఒక రాజ్యం. అందులో రాజులూ ఉన్నారు, కంప్యూటర్లూ ఉన్నాయి. నవ్వకండి, కథలో ఉండకూడదా ఏం?

ఆ వేగవతీపురంలో ఏటి ఆనకట్టకు మూడు తలుపులు. వాటిని ఎప్పుడు, ఎంత తీయాలో చూసేది ఒక పాత ప్రోగ్రాం. ఎందరి చేతుల్లోనో పడి బొంతలా అతుకులమయం అయింది. అయినా దిగువనున్న కుమ్మరిపేటలో ఏనాడూ ఒక్క ఇల్లు మునగలేదు.

కొత్త మంత్రి రుచిరదత్తుడు దాన్ని చూసి ముక్కున వేలేసుకున్నాడు.

"ప్రభూ, ఇదేం చోద్యం! నీటిమట్టం ఒకసారి చూసి నమ్మదట, ఆగి మళ్లీ చూస్తుందట. గంట కొట్టాక తలుపు తీయకుండా కాసేపు ఊరికే కూర్చుంటుందట. మూడో తలుపు సగానికి మించి తీయదట! ఈ చెత్త పారేసి కొత్తది రాస్తాను."

రాజు హేమాంగదుడు, ఆ ప్రోగ్రాంను చూసుకునే వకుళను పిలిపించాడు. "ఎందుకమ్మా ఈ మూడూ?"

"నాకూ తెలియదు మహారాజా. తెలియదు కనకే చెయ్యి పెట్టలేదు. కొత్తది రాసినా పాతదాన్ని చెరపనివ్వకండి. కుమ్మరిపేటలో పసిపిల్లలున్నారు."

"చాదస్తం!" అని నవ్వాడు మంత్రి. రాజూ నవ్వి, "సరే, ఓ మూల ఉండనీ" అన్నాడు.

కొత్త ప్రోగ్రాం పొట్టిగా, ముచ్చటగా తయారైంది. ప్రారంభోత్సవానికి కుమ్మరిపేట ముందున్న ఏటి ఇసుకలోనే పందిరి వేశారు. రాజుగారు వచ్చారు. జనం పిల్లాపాపలతో వచ్చారు.

అప్పుడేమైందో తెలుసా? ఆనకట్ట దగ్గర ఒక గేదెకు వీపు దురద పుట్టింది. పోయి పోయి, నీటిమట్టం కొలిచే కర్రకే రుద్దుకుంది! కర్ర మీది ముల్లు పైకి ఎగిరింది. కొత్త ప్రోగ్రాం ఒక్కసారే చూసి, వరదొచ్చిందనుకుంది.

అమ్మ బాబోయ్! గంట మోగడం, తలుపులు తెరుచుకోవడం ఒక్కసారే! జనం లేచి నిలబడేలోపే నీళ్లు! మూడో తలుపు బార్లా తెరుచుకుని, ఆ ధార తిన్నగా కుమ్మరిపేట మీదికే దూకింది. కుండలు కాల్చే బట్టీలు కూలాయి. పిల్లలు కెవ్వుమన్నారు. తల్లులు వాళ్లను భుజాలకెత్తుకుని గట్టుకు పరుగు తీశారు.

ఆనకట్ట మీదున్న వకుళ గబగబా పాత ప్రోగ్రాంను నడిపించింది. అది మట్టం చూసింది, ఆగింది, మళ్లీ చూసింది. వరద లేదు. తలుపులు మూసేసింది.

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు అంటారే, మన మహారాజు ఇంకో గేదె తోక పట్టుకుని గట్టెక్కాడు! అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు.

నీళ్లోడుతూ రాజు అడిగాడు. "గేదె ఇలా చేస్తుందని ఎవరికీ తెలియదా?"

"తెలిసినవారెవరో రాసిపెట్టి పోయారు ప్రభూ. ఎందుకో మాత్రం రాయలేదు" అంది వకుళ.

రాజు నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యయ్యో! మేం చెత్త అని నవ్వింది ఈ పసివాళ్ల ప్రాణాల మీదా!"

మంత్రి తల వంచుకుని వకుళ పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ పాత ప్రోగ్రాంనే కొంచెం కొంచెంగా చక్కదిద్దారు. ఒక ముడి విప్పడం, ఖాళీ ఇసుక మీదికి నీళ్లు వదిలి పరీక్షించడం, ఆ తర్వాతే ఇంకో ముడి. ప్రతి మాట పక్కనా అదెందుకో రాశారు. గేదెలకు వీపు రుద్దుకోవడానికి వేరే కర్ర పాతించారు. అయినా, మట్టం రెండుసార్లు చూడమన్న మాటను మాత్రం చెరపలేదు. గేదెకు ఏ కర్రయినా ఒకటే కదా!

అర్థం కానిదల్లా వ్యర్థం కాదు నాయనా. పాతదాన్ని కొట్టేసేముందు అది ఎవరిని కాపాడుతోందో కనుక్కో.