చెట్టు చూసిన దాలమ్మ

ఎన్నేళ్ల కిందటి మాటో అడక్కండి, చెప్పేవాళ్లకీ తెలీదు. మా అమ్మమ్మకి వాళ్ల అమ్మమ్మ చెప్పేనాటికే అది పాతమాట. అంత పాతకాలంలో, సముద్రానికి మూడు రోజుల నడక దూరంలో మూడు కొండలుండేవి. ముందుకొండ, నడిమికొండ, ఎనకకొండ.

మూడు కొండల నిండా తపసి చెట్లు. ఎండాకాలం వస్తే ఆకంతా రాల్చేసి, సున్నం పూసినట్టు తెల్లగా నిలబడే చెట్లు. బెరడు మీద గాటు పెడితే బంక కారుతుంది. కారి, గాలికి గట్టిపడి, బొట్లు బొట్లుగా వేలాడుతుంది. కొండవాళ్లు అది ఏరుకుని కిందికి తెచ్చేవారు. కింద వారానికోసారి సంత. ఆ సంతలో ఓ మూల గోనెపట్టా పరుచుకుని దాలమ్మ కూచునేది.

దాలమ్మకి పొలం లేదు, కొట్టు లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. ఒక గంప, ఒక కుంచం, రెండు కాళ్లు. రేవుపట్నం నుంచి ఉప్పు మోసుకొచ్చేది. కొండవాళ్లకి ఉప్పు కొలిచి బంక తీసుకునేది. ఆ బంక పట్నంలో అమ్మి మళ్లీ ఉప్పు. మూడు రోజులు పోయేది, మూడు రోజులు వచ్చేది, ఏడో రోజు సంత. గంప ఎత్తుకునేది, నడిచేది. ఏం చేస్తుంది మరి.

ఒక ఏడు పట్నంలో బంక కొనేవాళ్లు పెదవి విరిచారు.

"ఏటి దాలమ్మా, ఈ చిన్న బొట్లు? పిడికిలంత ముద్దలు తే. ఉప్పు రెట్టింపు ఇస్తాం."

దాలమ్మ ఉప్పుతో పాటు ఆ మాటనీ సంతకి మోసుకొచ్చింది.

"పెద్ద ముద్దలు తెండర్రా. వాటికి కుంచం నిండా పోస్తాను. చిన్నవాటికి సగమే."

అంతే ఆవిడ అన్నది. అందులో తప్పేముంది? ఆవిడ చోట్లో నేనున్నా అదే అందును. నేను కొనేది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏనాడైనా అడిగానా?

మొదటి ఏడు పిడికిలంత ముద్దలొచ్చాయి. రెండో ఏడు కొబ్బరికాయంత ముద్దలొచ్చాయి. మూడో ఏడు ముందుకొండవాళ్లు సంతకి రాలేదు. దాలమ్మ రెండు వారాలు చూసింది. ఇంకెవరికో పోస్తున్నారేమోలే అనుకుంది. వచ్చినవాళ్లకి కొలవడానికే పొద్దు చాలదు, రానివాళ్ల సంగతి ఎవరికి కావాలి?

ఆ పైయేడు నడిమికొండవాళ్లూ రాలేదు.

నడిమికొండలో సుక్కురు అని ఒకడుండేవాడు. దాలమ్మని అక్క వరసన అప్పా అని పిలిచేవాడు. ఏ సంతకైనా ముందొచ్చేది వాడే. వాడూ రాకపోయేసరికి దాలమ్మకి ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నా ఉప్పు తిని ఇంకోడికి పోస్తాడా అని, గంప అక్కడే బోర్లించి, నాలుగు కడిగేద్దామని కొండెక్కింది. ఇన్నేళ్ల బేరంలో ఆవిడ కొండ మీద కాలుపెట్టడం అదే మొదలు.

ఎక్కగా ఎక్కగా మోకాళ్లు పట్టేశాయి. పైన సుక్కురు కుండలూ చాపలూ కావిడికి కడుతున్నాడు.

"ఏరా, సంత మానేసినావు? నా బంక ఎవుడికి పోస్తన్నావు?"

"బంకేదప్పా?"

"అదే అడుగుతన్నాను."

"నానూ అదే అడుగుతన్నాను."

సుక్కురు ఆవిణ్ణి ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. చెట్టు నిలబడే ఉంది, ప్రాణం లేదు. మొదలు దగ్గర గాయం గుమ్మమంత ఉంది. "చెయ్యెట్టు" అన్నాడు. పెట్టింది. మోచెయ్యి దాకా లోపలికి పోయింది. చెదలు పట్టిన పొట్టు చేతికంటుకుంది. దాని పక్క చెట్టూ అంతే. దాని పక్కదీ అంతే.

"ఇంత లోతు ఎవుడు నరకమన్నాడ్రా?"

సుక్కురు కోప్పడలేదు. కోప్పడే ఓపిక కూడా అయిపోయినట్టుంది.

"నువ్వే గదప్పా."

దాలమ్మ అక్కడే కూలబడింది.

"మీ తాతలు ఎలా కోసేవోరు?" అంది.

"మూడు వేళ్ల ఎడల్పు, గోరంత లోతు. ఒక ఏడు ఈ పక్క, పైయేడు ఆ పక్క, మూడో ఏడు చెట్టుని ముట్టుకునేవోరు కాదు. అలా కోస్తే బొట్లే వొస్తాయి. బొట్లకి నువ్వు సగం కుంచమే పోసినావు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వెప్పుడడిగినావు?"

దాలమ్మ కావిడి వైపు చూసింది. "ఎక్కడికిప్పుడు?"

"ఎనకకొండ, మా అత్తోరి దగ్గరికి. అక్కడా లోతుగా కొట్టడం మొదలెట్టేసినారు. రెండేళ్లో మూడేళ్లో. అదీ అయిపోతే దిగువకి పోయి ఎవుడి దొడ్లోనో పేడ ఎత్తుకోడమే."

ఇంక మిగిలింది ఎనకకొండ ఒక్కటే. అది పోతే సుక్కురికి ఇల్లు లేదు, దాలమ్మకి బేరం లేదు.

మరుసటి సంతలో దాలమ్మ గట్టిగా చెప్పింది. "చిన్న బొట్లకి కుంచం నిండా పోస్తాను. పెద్ద ముద్దలు నాకొద్దు. కొనే ముందు కొండెక్కి చెట్టు చూస్తాను. చూశాకే కుంచం పడతాను."

సంతంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది గున్నయ్య షావుకారు. పెద్ద ముద్దలకి గిరాకీ ఉందని విని, మూడు బళ్లతో ఆ ఏడే ఆ సంతకి దిగినవాడు.

"ఏటే దాలమ్మా, బేరం సేస్తావా, చెట్టుకి పురుడు పోస్తావా? పాలు కొనడానికొచ్చి గేదె దూడకి గడ్డెట్టినట్టుంది నీ యవ్వారం!"

"దూడ బతికితేనే గదా బాబూ పాలు" అంది దాలమ్మ.

"నాకు గేదెతో ఏటి పని? ఈ గేదె పోతే ఇంకో ఊళ్లో ఇంకో గేదె. ముద్దలు తెండర్రా, నా బళ్లల్లో పొయ్యండి!"

జనం గున్నయ్య బళ్ల దగ్గరికే పోయారు. ఆ ఏడంతా దాలమ్మ గోనెపట్టా మీద బొట్లు పోసింది ఒక్క సుక్కురే. అదీ మొహమాటానికి.

ఆ బొట్లు ఎత్తుకుని దాలమ్మ పట్నం పోయింది. మొదటి గుమ్మం మిఠాయిలు చేసేవాడిది. "చిన్నవీ? వద్దమ్మా" అన్నాడు. రెండో గుమ్మం బట్టలకి రంగులద్దేవాడిది. "నాకు చిన్నా పెద్దా ఒకటే, పొడి చేసుకుంటాను. బెరడు లేకుండా తే, చూద్దాం" అన్నాడు. మూడో గుమ్మం మందులు నూరే వైద్యుడిది. ఆయన ఒక బొట్టు వెలుతురుకి పట్టి చూశాడు. ముద్దలైతే లోపల బెరడూ మన్నూ చీమలూ ఉంటాయి. ఈ బొట్టు అద్దంలా ఉంది.

"ఇన్నాళ్లూ ఇవెక్కడ దాచావమ్మా?" అన్నాడు.

దాచలేదు. సగం కుంచానికి చులకన చేసింది. ఆ మాట ఆయనతో అనలేదు గానీ, దారి పొడుగునా ఆవిడ మెడ వంగింది గంప బరువుకి కాదు.

ఇలా చెబితే అక్కడితో అంతా బాగుపడిపోయినట్టు ఉంటుంది. అలా ఏమీ అవలేదు. వైద్యుడికి కావలసింది ఎంతని? ఏడాదికి రెండు గంపలు. రెండో ఏడు బొట్లు పొయ్యడానికి ముగ్గురొచ్చారు, మూడో ఏడు తొమ్మిదిమంది. మిగతావాళ్లు గున్నయ్యకే పోసేవాళ్లు. దాలమ్మ ప్రతి ఎండాకాలం ఎనకకొండ ఎక్కేది. ప్రతి చెట్టు దగ్గరా ఆగేది. గాటు మీద మూడు వేళ్లు ఆనించి చూసేది. సరిపోతే తలూపేది, మించితే ఆ చెట్టు బంక తీసుకునేది కాదు. తిట్టేవాళ్లు తిట్టారు. నవ్వేవాళ్లు నవ్వారు. గంప ఎత్తుకుంది, నడిచింది. ఏం చేస్తుంది మరి.

అలా ఉండగా కరువొచ్చింది. వానల్లేవు. చోళ్లు, అంటే రాగులు, పండలేదు. గున్నయ్య మూడు బళ్లలో ఉప్పు బదులు చోళ్లు తెచ్చాడు.

"ముద్దకి ముద్ద! బంక ముద్దెంతుంటే అన్ని చోళ్లు!" అని అరిచాడు.

ఆ పొద్దు కొండ మీద గొడ్డళ్ల చప్పుడు వినిపించింది. దాలమ్మ ఉన్నపళంగా ఎక్కింది. అందరికన్నా ముందు గొడ్డలెత్తినవాడు సుక్కురే.

"ఆపరా!"

"ఎందుకాపాలప్పా? పిల్లలు అంబలి అడుగుతన్నారు. నీ మూడు వేళ్ల గాటు అంబలి పోస్తాదా? ఈ కొండ నీదా? ఇక్కడ నీ కడుపు కాల్తందా?"

దాలమ్మ సుక్కురి ఇంటి ముందు చతికిలబడి, మంచినీళ్లు అడిగింది. నీళ్లు తాగడానికి తలెత్తినప్పుడు అటక మీద మూటలు కనబడ్డాయి.

"అవేటి?"

"బెరడంటిన బంక. నువ్వొద్దన్నదీ, షావుకారు వొద్దన్నదీ. పారెయ్యబుద్ధి కాక పైనెట్టినాం."

"ఎన్నేళ్లదుంది?"

"మా మామ కాలం నుంచీ. అన్ని ఇళ్లల్లోనూ ఉంది."

బెరడు లేకుండా తెమ్మన్న రంగులవాడి మాట దాలమ్మకి గుర్తొచ్చింది. ఒక మూట దింపించింది. రోట్లో వేసి పైపైన దంచింది. చేటలో పోసి చెరిగింది. బెరడు పొట్టు గాలికి పోయింది. నూకల్లాంటి బంక చేటలో నిలిచింది.

"ఒక్క నెల గొడ్డలి దించండి. ఇది దంచండి, చెరగండి. నాను చోళ్లు తెస్తాను."

"తేకపోతే?"

"తేకపోతే కొట్టుకోండి. నన్నూ కలిపి."

ఆడవాళ్లంతా రోళ్ల దగ్గర కూచున్నారు. మొదటి గంప దాలమ్మ ఒక్కతే మోసింది. రంగులవాడు అరచేతిలో పోసుకుని చూసి, మొత్తం తీసుకున్నాడు, ఇంకా కావాలన్నాడు. చోళ్లతో తిరిగొచ్చింది. రెండోసారి సుక్కురూ ఇంకో ఇద్దరూ కావిళ్లేసుకుని కూడా నడిచారు. మూడోసారి కొండలో సగంమంది నడిచారు. ఎవరి కడుపూ నిండలేదు. ఎవరూ చావలేదు. చెట్లు గాటు లేకుండా ఒక వేసవి ఊపిరి తీసుకున్నాయి.

ఆవిడ ఎవరికీ దానం చెయ్యలేదు. దానం చేసేంత ఆవిడ దగ్గర ఏముంది? బేరమే చేసింది. కాకపోతే బేరం మొదలయ్యే చోటు దాకా కాళ్లీడ్చుకుని వెళ్లింది.

ఎనకకొండ కూడా మొత్తం దక్కలేదు. సగం చెట్లు అప్పటికే పోయాయి. మిగతా సగానికి గాట్లు మెల్లగా పూడుతూ వచ్చాయి. దాలమ్మ జుట్టు అప్పటికి ఆ చెట్ల రంగుకొచ్చింది.

ఒక ఎండాకాలం, మొదటి గాటు పెట్టే రోజున, సగం దారిలో ఒక పలకరాయి మీద కూచుంది. "మీరు నడవండర్రా. ఊపిరి తీసుకుని వొస్తాను" అంది. పైన వాళ్లు గాటు పెట్టకుండా ఆవిడ కోసం చూశారు. పొద్దు నడినెత్తికొచ్చింది. సుక్కురు దిగి వచ్చి చూశాడు. దాలమ్మ రాయి మీద అలాగే ఒరిగి ఉంది. మొహంలో నొప్పి లేదట. అలసట మాత్రం అలాగే ఉందట. చనిపోయినా పోనంత అలసట.

ఆమెకి ఎవరూ లేరు గదా, కొండవాళ్లే ఎత్తుకెళ్లి తమవాళ్ల పక్కన పూడ్చారు.

మరుసటి సంతకి గున్నయ్య షావుకారు ఖాళీ బళ్లతో హుషారుగా వచ్చాడు. ఇంక కొండంతా తనదే.

"ఏరా సుక్కురూ, ముద్దలు పొయ్యి!"

"చెట్టు సూసినావా బాబూ?" అన్నాడు సుక్కురు.

"చెట్టునేటి సూసేది? బంక సూపించు."

సుక్కురు మూట విప్పలేదు. వెనకున్నవాళ్లూ విప్పలేదు. ఖాళీ బళ్లు వెనక్కెళ్లాయి.

రెండో వారం ధర పెంచాడు. "చెట్టు సూసినావా బాబూ?" అన్నారు. ఖాళీ బళ్లు వెనక్కెళ్లాయి.

మూడో వారం గున్నయ్య బళ్లు తేలేదు. ఆయనకి బంక దొరికే కొండలు ఇంకెక్కడా మిగల్లేదని తరవాత తెలిసింది. ఏ కొండకెళ్లినా ఆయన బళ్లు ఆయన కన్నా ముందే వెళ్లొచ్చేశాయి మరి. సంత మధ్యలో నిలబడి, చెప్పులు విడిచి చేత పట్టుకుని, "దారెటు?" అన్నాడు. సగం దారిలో గసపోసుకుంటూ ఆ పలకరాయి మీద కూలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. సుక్కురు ముంతతో నీళ్లిచ్చాడు. తాగాక పైకి తీసుకెళ్లి, షావుకారు మూడు వేళ్లూ పట్టుకుని గాటు మీద ఆనించాడు.

ఇప్పటికీ ఎనకకొండలో బంక కొనడానికి ఎవరొచ్చినా ముందు ధర మాట్లాడరు. నడిచొచ్చినా అంతే, కారులో వచ్చినా అంతే. "చెట్టు చూశారా?" అంటారు. చూడలేదంటే కోప్పడరు, దారి చూపిస్తారు. ఆ పలకరాయిని దాలమ్మ అరుగంటారు. కొండవాళ్లు దాని మీద కూచోరు. అది కొనేవాళ్లది. వచ్చినవాళ్లు అక్కడ ఆగి, చెమట తుడుచుకుని, ఇంకెంత దూరమని అడుగుతారు. ఎవరో ఒకరు ముంతతో నీళ్లిస్తారు. తాగిందాకా ఊరుకుని, "లెండి, ఇంకా సగం ఉంది" అంటారు.