మూట ఎత్తే తిప్పవ్వ

అనగనగా ఒక కనుమ, కొండల నడుమ దారి. ఎప్పటి మాటో మా తాతల తాతలకే సరిగ్గా తెలీదు, నన్నడక్కండి. బండ్లు ఎక్కలేని కనుమ అది. ఉప్పయినా, కుండలయినా మనిషి నెత్తికెక్కే అవతలి ఊళ్ళు చేరాలి. కనుమ మీద ఒక చెలమ, చెలమ పక్కన నాలుగు గుడిసెలు, ఒక నల్లరాయి. వచ్చినవాళ్ళు ఆ రాయి మీద బరువు దించి, నీళ్ళు తాగి, అలుపు తీర్చుకునేవాళ్ళు.

దించడమంటే ఎవరైనా దించుకుంటారు. ఎత్తుకోవడానికే ఇంకో చెయ్యి కావాలి. ఆ చెయ్యి తిప్పవ్వది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. కూలి అడిగేది కాదు. ఒక్కటే అడిగేది.

"మూట ఎత్తుతా, మాట దించు. నీకు తెలిసిందొకటి చెప్పిపో నాయనా."

అలుపు తీరేంతసేపే ఆ ముచ్చట. ఒకడు తేలుకుట్టుకు ఏ ఆకు పనిచేస్తుందో చెప్పేవాడు. ఒకతె మబ్బు రంగు చూసి వాన పసిగట్టడం చెప్పేది. చుట్టూ ఉన్నవాళ్ళు చెవులప్పగించి వినేవాళ్ళు.

ఒకనాడు గొర్రెల ఓబన్న ఉన్నిమూటతో వచ్చాడు.

"నాకేం తెలుసవ్వా? గొర్రెలు తోలుకునేటోన్ని."

"ఏమీ తెలీని మనిషి ఇంకా పుట్టలే. ఆలోచన చెయ్."

ఓబన్న బుర్ర గోక్కున్నాడు. "ఎండాకాలం గొర్రెలు యాడబడితే ఆడ పండుకోవు. కింద సల్లగుండే తావు ఎతుక్కుంటాయి."

"అట్ల చెప్పు!" అని తిప్పవ్వ మూట ఎత్తింది.

మరో ఏడు కుమ్మరి మారెక్క వచ్చింది. "పొద్దుగూకినాక నేల మీద కుండ బోర్లించు. తెల్లారి లోపల చెమ్మ పడితే అడుగున నీళ్ళున్నట్టే." తిప్పవ్వ తట్ట ఎత్తింది.

ఆ పై ఏడు రాళ్ళు కొట్టే సిద్దప్ప వచ్చాడు. "గట్టి బండకు సమ్మెట ఎందుకవ్వా? మంటేసి కాల్చు, సన్నీళ్ళు కుమ్మరించు. అదే నోరు తెరుస్తాది." తిప్పవ్వ మూట ఎత్తింది.

తర్వాత మూడేళ్ళు వాన లేదు. మూడో ఏడు చెలమ ఎండింది. నీళ్ళు లేని కనుమ ఎవరెక్కుతారు? ఇటు ఉప్పు ఇటే, అటు గింజలు అటే ఆగిపోయాయి. గుడిసెలన్నిటికీ కలిపి ఒక్క కడవ నీళ్ళు మిగిలాయి. అది పట్టుకుని కొండ దిగి ఎటైనా పోదామని అందరూ మూటలు కట్టారు.

తిప్పవ్వ మాత్రం గుడిసెలవాళ్ళ గొర్రెలు ఎక్కడ పడుకున్నాయో వెతకబోయింది. ఒక పెద్ద బండ పక్కన మూగి ఉన్నాయి. ఓబన్న మాట నిజమే అనుకుంది. సాయంత్రం అక్కడ కుండ బోర్లించింది. తెల్లారి లోపల వేలు పెడితే తడి తగిలింది. మారెక్క మాట నిజమే అనుకుంది. నీళ్ళకు అడ్డం ఆ బండే. దాని మీద కట్టెలు పేర్చి మిట్టమధ్యాహ్నం దాకా మంట పెట్టింది. ఇక మిగిలింది సిద్దప్ప మాట. దానికి నీళ్ళు కావాలి. ఉన్నది ఒక్క కడవ.

చంకన బిడ్డతో ఉన్న చెన్నమ్మ కడవను వాటేసుకుంది. "పిచ్చి పట్టిందా అవ్వా? బండ పగలకపోతే పిల్లోళ్ళ గొంతులెట్ల తడపాల?"

తిప్పవ్వ నిజంగానే భయపడింది. పగలకపోతే ఆ పాపం తనదే.

"నన్ను నమ్మొద్దు తల్లీ. నాకేమీ తెలీదు. బరువు మోసేటోళ్ళు నాకెప్పుడూ అబద్ధం చెప్పలే. వాళ్ళను నమ్ము."

చెన్నమ్మ బిడ్డను చంక మార్చుకుని, కడవ ఇచ్చేసింది.

నీళ్ళు పడ్డాయి. బుస్సుమని ఆవిరి లేచింది. ఒకసారి చిటపటమంది. రెండోసారి పెటపెటమంది. మూడోసారి కొండంతా అదిరేలా ఫెళ్ళుమంది. బండ నడిమికి చీలి, చీలికలోంచి నీళ్ళు ఉబికాయి. చెన్నమ్మ బిడ్డ నోరు తడిపి, వచ్చి అవ్వ కాళ్ళ మీద పడింది.

"నాదేముంది? మోసుకొచ్చింది వాళ్ళు. నేను చెయ్యేసి ఎత్తినానంతే" అంది తిప్పవ్వ.

తిప్పవ్వ పోయిననాడు రెండువైపుల ఊళ్ళూ కనుమెక్కాయి. నలుగురు పాడె పట్టారు. లేవలేదు. ఎనిమిదిమంది పట్టారు. లేవలేదు. పట్టగలిగినవాళ్ళందరూ పట్టారు. లేవలేదు. ఎండుపుల్లలాంటి ముసలిది, ఇంత బరువేమిటని అందరూ బిత్తరపోయారు.

అప్పుడు ఓబన్న కళ్ళు తుడుచుకున్నాడు. "మనం మాట దించలేదప్పా."

తనకు తెలిసిందొకటి చెప్పాడు. మారెక్క ఒకటి చెప్పింది. సిద్దప్ప ఒకటి చెప్పాడు. ఆపై వరసగా అందరూ చెప్పారు. వింటూ వింటూ ఏడుపు మరిచారు. చివరి మనిషి చెప్పేసరికి పొద్దు వాలింది. అప్పుడు లేచింది పాడె, పూలబుట్ట లేచినట్టు.

ఇప్పటికీ ఆ కనుమలో పక్కవాడి మూటకు చెయ్యి వేసేముందు "తిప్పవ్వకొకటి చెప్పు" అంటారు. చెప్పందే మూట లేవదు. చెప్పడానికి ఏమీ లేని మనిషి ఇంతవరకు ఆ దారిన రాలేదు.