పగులులోని తుప్పు

రాతి కడుపున ఇనుమును, ఇనుమున బలిమిని, ఆ బలిమికొక మేరను నిలిపిన కరుణామయునికి తొలి వందనం. నల్లమల అంచున సైకిళ్లు బాగుచేస్తూ, అడిగినవారికి మాత్రమే దైవాన్ని గురించి ఒకటి రెండు మాటలు చెప్పిన దస్తగిరి సాహెబు కథ ఇది. ఆయన శిష్యుడు బయ్యన్న కథ.

బయ్యన్న ప్రతి సోమవారం అడవిలోని చెంచుపెంటకు, అంటే చెంచుల గూడేనికి, క్షయరోగుల మందులు చేరవేసేవాడు. జీపు పోలేని దారి. నడిచి చేరాలంటే రెండు దినాలు. కొండలెక్కే గేర్ల సైకిలొక్కటే అతనికి ఆధారం. ఒక సోమవారం తిరుగు ప్రయాణంలో, ఊరి మొగదల చేరగానే, ఆ సైకిలు ఫ్రేము మెడవద్ద విరిగిపోయింది.

పెంటలో ఈదమ్మ అనే ముసలామె వద్ద మరుసటి సోమవారం దాకా సరిపడే మాత్రలే ఉన్నాయి. అయిదు నెలలుగా ఒక్క పూట కూడా తప్పకుండా మింగింది. నడుమ మందు ఆగరాదని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు.

శనివారానికి కర్నూలు పాత సామాన్ల అంగడినుండి వట్టి ఫ్రేమొకటి వచ్చింది. పచ్చరంగు, అక్కడక్కడ గీతలు. తక్కిన సమస్తమూ విరిగిన సైకిలునుండే తీయాలి.

గురువుగారికొక నియమం ఉండేది. పాత సైకిలునుండి విప్పిన ప్రతి భాగాన్నీ కిరసనాయిలుతో కడిగి, గోనెపట్టా మీద వరుసగా పరచి, దానికి "షుక్రియా" అని కృతజ్ఞత చెప్పేవాడు. కొత్త బండి ఒకసారి కొండ ఎక్కి దిగేదాకా పాతదానిలోని చిన్న మర సైతం పారవేయనిచ్చేవాడు కాడు.

బయ్యన్న నవ్వాడు. "ఇనుముకు చెవులుంటాయా ఉస్తాద్?"

"నాకుండాయి కదరా," అన్నాడాయన, బ్రేకుతీగ తుడుస్తూ.

"ఈ ఫ్రేముకు మాత్రం చెప్పను. నమ్ముకుంటే నడిదారిలో మోసం చేసింది."

గురువు బ్రేకుతీగను పట్టా మీద పరచాడు. విరిగిన ఫ్రేమును తీసి గోడకు ఆనించాడు.

చక్రాలెక్కాయి. హ్యాండిలు కూర్చుంది. ప్యాడిళ్లు, బ్రేకులు, వెనుక చైనును పట్టే పండ్ల చక్రాలు, అన్నీ పాతవే, పచ్చ ఫ్రేములో ఒదిగాయి. చివర బయ్యన్న సంచిలోనుండి మెరిసే చైనొకటి బయటికి తీశాడు.

"నంద్యాలలో కొన్నాను ఉస్తాద్. పాతది సాగిపోయింది, కొలిచి చూసినాను. పెంట దారిలో తెగితే ఎవరు దిక్కు?"

"సాగిన మాట నిజమే. వేసి చూడు."

గురువు అటు తిరిగినప్పుడు బయ్యన్న పాత చైనును వాకిట తుక్కుకుప్పలోకి విసిరాడు. షుక్రియా చెప్పలేదు.

ఆదివారం ఉదయం ఊరి వెనుకనున్న ఎర్రమిట్ట మీదికి సైకిలును ఎక్కించాడు. చదునున నెమ్మదిగానే సాగింది. ఎత్తు మొదలై, కాలు బలంగా మోపగానే, చైను పండ్ల మీదుగా టక్కున దూకింది. బయ్యన్న ముందుకు తూలి పడ్డాడు. లేచి, గేరుతీగ బిగించి మళ్లీ ఎక్కాడు. మళ్లీ దూకింది. మూడవసారికి మోకాలు చెక్కుకుపోయింది.

సైకిలును నడిపించుకుంటూ అంగడికి వచ్చాడు.

"ఈ ఫ్రేము అచ్చిరాలేదు ఉస్తాద్! యాడిదో ఏమో, వంకర ఉండాది."

"ఫ్రేము మీద పడినావా, నేల మీద పడినావా?"

"ఎగతాళి చేయొద్దు. ఇప్పుడు నడక మొదలుపెట్టినా మంగళవారానికి గాని చేరను. ఆ ముసలామె దారి చూస్తా కూర్చుంటాది."

గురువు లేచి వాకిటికి పోయాడు. తుక్కుకుప్పలో చేయిపెట్టి పాత చైనును వెదకి తెచ్చాడు. కిరసనాయిలు పళ్లెంలో వేసి, చిన్న కుంచెతో లంకె వెంబడి లంకె కడిగాడు. తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, కొత్తదానిని విప్పి దీనిని తొడిగాడు.

బయ్యన్న మళ్లీ ఎర్రమిట్ట ఎక్కాడు. చైను దూకలేదు. మిట్ట కొనన నిలిచి కిందికి చూశాడు. చాలాసేపటికి గాని దిగలేదు.

"కొత్తది జారింది, అరిగినది పట్టింది. ఇదేమి చోద్యం ఉస్తాద్?"

గురువు శిష్యుని వేలు పట్టుకొని వెనుక చక్రపు పంటి మీద నడిపాడు. ఆ పన్ను నిటారుగా లేదు. ఒక వైపుకు ఒరిగి అరిగి ఉంది. ఆ వేలినే చైను లంకెలోకి చేర్చాడు. ఆ ఒరుగు అందులో సరిగ్గా ఇమిడింది.

"రెండూ కలిసి అరిగినాయి నాయనా."

"మరి కొత్త చైను?"

"దాచు. పండ్లు కూడా కొత్తవి వచ్చిన నాడు వేద్దాం."

సోమవారం పొద్దు నడినెత్తికి రాకమునుపే బయ్యన్న పెంట చేరాడు. ఈదమ్మ మాత్రలు కొంగున ముడివేసుకొని సైకిలు చుట్టూ తిరిగి చూసింది.

"గుర్రం రంగు మారిందే! నడిపేటోడు మా బయ్యడేనా?"

"నేనే అవ్వా."

"అట్లయితే తేనె తిని పో."

సాయంకాలం అతడు దిగివచ్చేసరికి గురువు వాకిట కూర్చొని ఉన్నాడు. గోడకు ఆనించిన పాత ఫ్రేము అలాగే ఉంది.

"కొండ ఎక్కి దిగినాను ఉస్తాద్. ఇంక దీన్ని తుక్కుకు వేసేదా?"

"వేయి. ముందు ఆ విరుపు తుడువు."

బయ్యన్న గుడ్డ తీసుకొని విరిగిన అంచును తుడిచాడు. మట్టి పోయింది. ఇనుము కనిపించింది. గోరంత మేర మాత్రమే తెల్లగా మెరుస్తోంది. తక్కిన వలయమంతా ముదురు తుప్పు. ఎంత తుడిచినా గుడ్డకు అంటనంత పాతది.

"ఆ తెల్లనిది పోయిన సోమవారం విరిగింది," అన్నాడు గురువు. "తక్కినది అంతకు ఎన్నో నెలల ముందే పగిలింది."

 బయ్యన్నకు వాన కురిసిన సోమవారాలు గుర్తుకు వచ్చాయి. లోయ అంచున రాళ్ల దారి, వాగు దాటిన పూట, వీపున మందుల సంచి, చీకటి పడుతుందని తాను పెట్టిన పరుగు. విరిగింది మాత్రం ఊరి మొగదల, చదునైన నేల మీద.

కిరసనాయిలు పళ్లెం దగ్గరికి లాగి, నేల మీద కూర్చొని, ఆ ఫ్రేమును ఒడిలోకి తీసుకున్నాడు. మెడనుండి చివరిదాకా కడగసాగాడు. అతని పెదవులు కదిలాయి. ఆ మాట గురువుకు వినిపించింది.

ఈ కథ విన్నవారందరినీ, వారికి తెలియకుండా వారిని మోస్తున్నవారినీ, ఆ కరుణామయుడు చల్లగా కాచుగాక. వారి దారులు చదునైన నేలకు చేరుగాక.