చిన్నాలి వెయ్యని కబురు

అనగనగా కొండలు. కొండల వెనక కొండలు. ఎన్నని అడక్కండి, లెక్కపెట్టడానికి వెళ్ళినవాడు ఇంకా తిరిగి రాలేదు. ఆ కొండల్లో చిన్నాలి అని ఒకామె ఉండేది. ఆమెకి ఉన్నదల్లా ఒక పూరిల్లు, గుప్పెడంత సామల చేను, ఒక చెల్లెలు. చిన్నాలి పోయి ఎంత కాలమైందో ఎవరికీ తెలీదు. అయినా ఆమె మాట తలచుకోని ఇల్లు అక్కడ లేదు. ఎందుకో చెబుతాను, ఊ కొట్టండి.

చెల్లెలి పేరు పైడి. ఆ కొండల్లో అక్కని అప్ప అంటారు. అమ్మా అయ్యా పోయాక చిన్నాలే పెంచింది. ఒక ఏడు పంట చేతికొచ్చే వేళకి పైడి చేను కాపలాకి వెళ్ళి మంచె మీద నిద్రపోయింది. అడవిపందులు పడి చేనంతా తొక్కేశాయి. చిన్నాలికి ఒళ్ళు మండిపోయింది.

"పోయే! మళ్ళీ నా గుమ్మం తొక్కకు!" అనేసింది.

కోపంలో అన్న మాట. సాయంత్రానికల్లా చల్లారిపోయింది. కానీ పైడి అంతవరకూ ఆగితేనా? తేయాకు తోటలకి పోయే కూలీల వెంటపడి కొండలు దాటేసింది.

కొన్నేళ్ళు పోయాక ఆ కొండలకి అప్పలసూరి మాస్టారని ఒకాయన వచ్చాడు. సంతలో ఉప్పు అమ్మే తవిటయ్యతో ఆయనకి స్నేహం కలిసింది. బయటివాళ్ళు ఎవరొచ్చినా "ఈ కొండల్లో ఏముంది, దోమలూ జ్వరాలూ తప్ప" అనేవారు. వినీ వినీ ఇద్దరికీ కడుపు మండింది. ఏముందో మనమే రాద్దాం అనుకున్నారు. కొండకబురు అని ఒక పత్రిక పెట్టారు. కాగితం, సిరా తవిటయ్యవి. రాత మాస్టారిది. ప్రతిసారీ మూడు ప్రతులు. ఒకటి సంత గోడకి. ఒకటి ఊళ్ళ మీదకి. ఒకటి తేయాకు తోటల్లో ఉన్న మనవాళ్ళకి.

మరి ఊరూరూ తిరిగి కబుర్లు తెచ్చేదెవరు? జీతం లేదు, బత్తెం లేదు. ఒక్కరూ కదల్లేదు. తోటల మాట చెవిన పడగానే చిన్నాలి ముందుకొచ్చి, "నాను తెస్తాను బాబూ" అంది.

మొదటిరోజే ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. పత్రికలో మన కబురు మనం వేసుకోకూడదు. "పేరు కోసం చేస్తున్నారని ఎవరూ అనకూడదు" అన్నాడు మాస్టారు. మంచి ఒట్టే. మంచివాళ్ళకి ఇలాంటివే తోస్తాయి, ఏం చేస్తాం!

చిన్నాలి బుట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరేది. గుమ్మడివలస వెళ్ళి "ఏటి కబురు?" అనేది. "మాకేటి కబురుంటాది!" అనేవాళ్ళు. ఆమె బుట్ట దింపి కూర్చునేది. కూర్చుంటే కాసేపటికి "మా పనస ఈయేడే తొలికాపు కాసిందప్పా" అని ఒకరు చెప్పేవారు. రాళ్ళమెట్టకి వెళ్ళి "ఏటి కబురు?" అనేది. "మాకేటి కబురుంటాది!" కూర్చుంటే, ఫలానావాళ్ళ కోడలికి కవలలు. తేనెగూడలో అయితే ఒక ముసలాయన పళ్ళన్నీ ఊడాక మళ్ళీ సన్నాయి పట్టాడు. ఎలా వాయించాడో మాత్రం రాయించలేదు, చిన్నాలి మర్యాదస్తురాలు.

అన్నీ చెప్పాక మాస్టారు అడిగేవాడు.

"ఇంకేమైనా ఉందా అప్పా?"

చిన్నాలి గొంతు దాకా వచ్చేది. పైడీ, రాయే అని. ఆ ఒక్క మాటే. ఒట్టు గుర్తొచ్చేది.

"నేదు బాబూ" అనేది.

ఇప్ప పూసే రోజుల్లో అడిగితే నేదు బాబూ అంది. వానల్లో అడిగితే నేదు బాబూ అంది. అలా ఏళ్ళు గడిచాయి. ఇన్ని కబుర్లు వింటే దానికే ఇల్లు గుర్తొచ్చి వస్తుందిలే అని తనకి తనే చెప్పుకునేది.

అక్కడ తోటల్లో పత్రిక వచ్చిన రోజు పండగే. చదవడం వచ్చినవాడు చదివితే అందరూ చుట్టూ చేరేవారు. పైడి అందరికంటే ముందు కూర్చునేది. పనస కాసిందంటే నవ్వేది. కవలలు పుట్టారంటే ఏడ్చేది. అంతా అయ్యాక అడిగేది.

"మా అప్పది ఏటీ నేదా?"

"నేదు పైడీ."

అప్పకి ఇంకా కోపం తీరలేదనుకునేది. పొమ్మన్న మనిషి పిలవకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? పైడికి ఇల్లు కావాలి. ఇంట్లో అప్ప కావాలి. అప్ప పిలవాలి. అంతకంటే ఏమీ కోరలేదు ఆ పిచ్చిది.

ఒక చలికాలం చిన్నాలి జ్వరంతోనే ఊళ్ళు తిరిగొచ్చి మాస్టారి అరుగు మీద పడిపోయింది. ఆ స్థితిలోనూ కబుర్లన్నీ అప్పజెప్పింది. ఆయన నీళ్ళు పట్టి, అలవాటు కొద్దీ అడిగాడు.

"ఇంకేమైనా ఉందా అప్పా?"

"పైడిని రమ్మని రాయి బాబూ."

"పైడి ఎవరు?" అన్నాడు మాస్టారు.

ఇన్నేళ్ళలో ఆయన ఆ పేరే వినలేదు. చిన్నాలి చెప్పింది. అంతా చెప్పి, కన్నుమూసింది.

మాస్టారు ఒట్టు గట్టున పెట్టాడు. ఆసారి పత్రికలో అన్నిటికంటే పైన రాశాడు. చిన్నాలి పోయింది. పోతూ పైడిని రమ్మంది.

పైడి వచ్చింది. జుట్టు నెరిసిపోయి వచ్చింది. సంతలో ఉప్పు కొట్టు ముందు నిలబడి ఇద్దరినీ అడిగింది.

"కొండల్లో అందరిళ్ళ కబుర్లూ ఏసినారు. మా అప్పదొక్కటీ ఎందుకు ఎయ్యనేదు బాబూ?"

మాస్టారు తల దించుకుని, "ఒట్టు పెట్టుకున్నామమ్మా" అన్నాడు.

"మా అప్ప ఒట్టు కోసం నోరు కట్టుకుంది. నాను పిలుపు కోసం అక్కడ కూకున్నాను. ఇద్దరం ఊరికినే ముసిలోలం అయిపోనాం" అని పైడి భోరుమంది.

ఏడ్చి ఏడ్చి, లేచి చిన్నాలి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. లోపల ఎవరూ లేరు. అయినా గుమ్మం తొక్కలేదు. బయటే నిలబడి, "అప్పా, వచ్చినాను" అంది. కాసేపు ఆగింది. అప్పుడు లోపల కాలు పెట్టింది.

తర్వాత ఊళ్ళు తిరిగింది పైడే. పత్రికలో పైభాగం చిన్నాలి చోటు అయింది. అలిగి వెళ్ళినవాళ్ళని పిలిచే చోటు అది. పేరు రాసి రమ్మని రాస్తారు. తప్పెవరిదో రాయరు.

ఇప్పటికీ ఆ కొండల్లో అలిగి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తే, ఇంట్లో తండ్రి ఉన్నా, తమ్ముడు ఉన్నా, మొగుడే ఉన్నా సరే, గుమ్మం బయట నిలబడి "అప్పా, వచ్చినాను" అనే అంటారు. లోపలివాళ్ళు ఏమీ అడగరు. ఇంకో కంచం పెడతారు.