దండు బీడులో నీళ్ళ నగారా

ఏటికి అవతల పులుల రాజ్యం. ఇవతల ఒక గుట్ట, దాని మీద మంచి మేత బీడు, ఆ మేత మీద బతికే జీవాలు. ఒక ఏడు పులులు ఏరు దాటి వచ్చి, "ఇక మీదట ఇదీ మా రాజ్యమే" అన్నాయి. బీడు చుట్టూ ముళ్ళకంచె నాటి, లోపల రాజుగారి దండును దింపాయి. మేసేవాళ్ళందరినీ గుట్ట కిందికి తోలాయి. ఆ నేలల లెక్క చూసే ఆనాటి పులి దొర మాత్రం పోతూ పోతూ ఒక మాట చెప్పి పోయాడు.

"దండుకు అక్కర ఉన్నన్నాళ్ళూ ఇది దండుది. మూడు వానాకాలాలు ఇక్కడ కవాతు జరగకపోతే, మళ్ళీ మీదే."

ముసలి గాడిద బూదెవ్వ వయసులో ఉన్నప్పుడు ఆ దండులో నీళ్ళ తిత్తులు మోసింది. కింది జీవాల్లో కంచె దాటి లోపల తిరిగింది ఆమె ఒక్కతే. ఒక రోజు దండు మూటాముల్లె సర్దుకుని వెనక దారిన వెళ్ళిపోయింది. "ఇక నీ పని అయిపోయింది, ఇంటికి పో" అని బూదెవ్వను వదిలేశారు. ఆమె గబగబా దిగివచ్చి, "దండు వెళ్ళిపోయిందర్రా!" అని అందరికీ చెప్పింది.

మర్నాడు పొద్దున్నే గుట్ట మీద నగారా మోగింది. ధన్, ధన్, ధన్.

"వెళ్ళిపోయిన దండు నగారా కొడుతుందా అవ్వా?" అంది మేక చుక్కమ్మ.

బూదెవ్వ చెవులు నిక్కించి విన్నది. నిజమే, కవాతు నగారానే. మరి తను చూసిందేమిటి? కలా?

ఆ రోజు నుంచి ఆమెకు అదే ఆలోచన. వానాకాలం వెళ్ళగానే గడప పక్కన ఒక రాయి పెట్టుకుంది, గుర్తు కోసం. రెండో వానాకాలానికి రెండో రాయి. ఈలోగా మరపు కూడా ఎక్కువయింది. చుక్కమ్మను వాళ్ళ అమ్మ పేరు పెట్టి పిలిచేది. ఒకసారి ఎద్దు పుల్లన్న పాకలోకి పోయి పడుకుని, "ఎవరయ్యా నువ్వు, నా ఇంట్లో?" అని వాడినే అడిగింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది కాని, ఇంటికి వెళ్ళాక ఆ రెండు రాళ్ళనూ చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఇవి నేనే పెట్టానా?

మూడో రాయి పెట్టాక వచ్చిన వేసవిలో ఊరి చెలమ ఎండిపోయింది. నీళ్ళకు ఏటికి పోవాలి. ఏట్లో మొసలి. చుక్కమ్మ పెద్ద కూతురు నీళ్ళకని వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత చుక్కమ్మ నవ్వడం మానేసింది.

అప్పుడు బూదెవ్వ ఇక ఆగలేకపోయింది. తన కళ్ళతో తాను చూసుకుని రావాలని కుంటుకుంటూ గుట్ట ఎక్కింది. కంచె తలుపు దగ్గర కాపలా నక్క గోవిందప్ప అడ్డం వచ్చాడు. దండు పోయేటప్పుడు బీడును కనిపెట్టుకోమని పెట్టిపోయింది వాడినే.

"ఏం బూదెవ్వా, ఇంత ఎండలో?"

"ఏం లేదు నాయనా. దండు ఉందా, పోయిందా అని."

"అయ్యో అవ్వా! నిన్న కూడా వచ్చి ఇదే అడిగావు కదే?"

బూదెవ్వ గతుక్కుమంది. "నిన్న వచ్చానా?"

"నిన్నా వచ్చావు, మొన్నా వచ్చావు. పాపం, వయసు. దండు లోపలే ఉంది, అన్నం తిని పడుకున్నారు. గోల చేయకు."

బూదెవ్వ వెనక్కి తిరిగింది. సగం దారిలో తన కాళ్ళ వంక చూసుకుంది. నిన్న కూడా ఈ గుట్ట ఎక్కి ఉంటే ఈ మోకాళ్ళు ఇవాళ కదిలేవా? నక్క మాట నమ్మాలా, మోకాళ్ళ మాట నమ్మాలా? తేల్చుకోలేకపోయింది.

పది రోజులకు కాకి కబురు తెచ్చింది. కొత్త దొర వస్తున్నాడట. ఖాళీగా ఉన్న దండు నేలలన్నీ చూసి, ఏది ఎవరికో తేల్చేస్తాడట.

"తన దండు ఎక్కడుందో ఆయనకే తెలియదా?" అన్నాడు పుల్లన్న.

"దండు రాజుగారిది, నేల దొరగారిది. ఒకరి సంగతి ఒకరికి ఎందుకు తెలుస్తుంది?" అంది కాకి.

"దండు ఉంటే?"

"నేల దండుదే. నక్క చేతి కిందే ఉంటుంది. ఇక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదట."

దొర వచ్చిన రోజు పొద్దున్నే అందరూ గుట్ట ఎక్కారు. దొర, నెరిసిన మీసాల పెద్దపులి, కంచె తలుపు తీయించాడు. లోపల ఎర్ర టోపీలు పెట్టుకుని నలభై గొర్రెలు, వాటి ముందు ఒక పొట్టేలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. గోవిందప్ప నగారా కొట్టాడు. ధన్, ధన్, ధన్. ముందు పొట్టేలు కదిలింది, దాని వెనక నలభై గొర్రెలూ ఒక్క అడుగు తేడా లేకుండా కదిలాయి. బీడు ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు.

"భేష్," అన్నాడు దొర.

"రోజూ ఇంతే దొరా. ఒక్కపూట తప్పలేదు," అన్నాడు గోవిందప్ప.

చుక్కమ్మ తల దించుకుంది. బూదెవ్వకు ఇక నమ్మక తప్పలేదు. ఉంది, దండు ఉంది. మరిచిపోయింది తనే. ఆ మూడు రాళ్ళూ ఏ మతిలేని వేళలోనో పెట్టుకున్నవే. కాని గొర్రెలను అలా చూస్తూ ఉంటే ఆమెకు ఒక సందేహం వచ్చింది. అడగకుండా ఉండలేకపోయింది.

"దొరా, చిన్న మాట. పొద్దున్నే కవాతయ్యాక దండును నీళ్ళకు పిలుస్తూ నీళ్ళ నగారా కొట్టేవాళ్ళు. ఇప్పుడు కొట్టరా?"

"నీళ్ళ నగారానా?" గోవిందప్ప నవ్వాడు. "దొరా, ఈ అవ్వకు మతి లేదు. పక్కవాళ్ళ పాకలో పడుకుంటుంది. కావాలంటే వీళ్ళనే అడగండి."

"అది నిజమే దొరా, పడుకుంటాను," అంది బూదెవ్వ. "అందుకే అడుగుతున్నాను. అలాంటి నగారా ఒకటి ఉండేదా, లేక అదీ నేను కల్పించుకున్నానా?"

దొర ఆమె వంక వింతగా చూశాడు. "నేను పదేళ్ళు దండులో ఉన్నాను అవ్వా. ప్రతి దండులోనూ ఉంటుంది. ఏదీ, ఆ నగారా ఇలా ఇవ్వు."

తనే కొట్టాడు. మూడు దెబ్బలు వెంట వెంటనే, కాస్త ఆగి ఒకటి. మళ్ళీ మూడు, ఆగి ఒకటి.

నలభై టోపీలూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఒక్క గొర్రె కూడా కదలలేదు. కదిలింది బూదెవ్వ. ఆమె కదలాలని అనుకోలేదు, కాళ్ళే తీసుకుపోయాయి. జెండా కర్ర దాటి, వంటపాక మొండిగోడ దాటి, ఎడమకు తిరిగి, ఒక పెద్ద బండ దగ్గర ఆగి దాన్ని గిట్టతో గీకింది.

ముందు ఎవరు కదిలితే వాళ్ళ వెనక పోవడమే గొర్రెలకు అలవాటు. పొట్టేలు ఆమె వెనక బయలుదేరింది. పొట్టేలు వెనక నలభై గొర్రెలు.

"ఆగండి! ఎక్కడికి? అది నేను పడుకునే బండ!" అని గోవిందప్ప అరిచాడు. మూడేళ్ళుగా వాడు ఎండ కాచుకునేది దాని మీదే.

"పుల్లన్నా, కాస్త నెట్టు," అంది బూదెవ్వ.

పుల్లన్న కొమ్ములతో బండను పక్కకు నెట్టాడు. కింద రాతిగట్టు, గట్టు మధ్యన చల్లగా, తేటగా ఊట. చుక్కమ్మ ఆ నీళ్ళను చూసింది కాని తాగలేదు, చూస్తూ నిలబడిపోయింది.

దొర పొట్టేలును పిలిచాడు. "మీ దండు నీళ్ళు ఎక్కడ తాగుతుంది?"

"మా ఊళ్ళో చెరువుంది దొరా," అంది పొట్టేలు.

"ఇక్కడ?"

"ఇక్కడ ఇంకా దాహం వేయలేదు దొరా. మేం వచ్చింది నిన్న సాయంత్రమే కదా. టోపీ పెట్టుకుని ఇటూ అటూ నడిస్తే ఈ బీడులో మేత పెడతానని అన్న చెప్పాడు." అంటూ గోవిందప్ప వైపు మొహం తిప్పింది.

అన్న అప్పటికే కంచె వైపు వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. దొర ఒక్క అరుపు అరిచేసరికి తలుపు సంగతి మరిచి ముళ్ళలో దూరాడు. తోకలో సగం ఆ కంచెకే ఉండిపోయింది.

"దండు పోయి ఎన్ని వానాకాలాలయింది అవ్వా?" అని దొర అడిగాడు.

బూదెవ్వ నోరు తెరిచింది. అంకె గుర్తు రాలేదు. భయంగా అటూ ఇటూ చూసింది.

"మూడు," అంది చుక్కమ్మ. "అవ్వ గడప పక్కన మూడు రాళ్ళున్నాయి దొరా. ఒక్కొక్కటి పెట్టినప్పుడల్లా మేం నవ్వాం, అందుకే నాకు బాగా గుర్తు."

దొర కంచె పీకించి, బీడును మేసేవాళ్ళకు ఇచ్చేశాడు. గొర్రెలు టోపీలు అక్కడే వదిలేసి, దారి తెలియక, పుల్లన్న వెనక కిందికి దిగాయి. ఆ సాయంత్రం బూదెవ్వ తన ఇల్లు ఏదో మరిచిపోయింది. చుక్కమ్మ నవ్వకుండా పక్కన నడిచి, మూడు రాళ్ళున్న గడప దగ్గర దిగబెట్టి వెళ్ళింది.

నీతి: ఎదుటివాళ్ళ మతిమరుపును నమ్ముకుని అబద్ధం ఆడేవాడు, వాళ్ళకు మిగిలి ఉన్న ఒక్క జ్ఞాపకం దగ్గర దొరికిపోతాడు.