బ్రేకుకు పెట్టిన బొట్టు

సోమయాజులుగారిని ప్రశ్న అడగాలంటే చేతులు మాసిపోవడానికి సిద్ధపడి వెళ్ళాలి. ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక సాయంత్రాలు తన వరండాలో ఉపనిషత్తులు చెబుతున్న పెద్దాయన. ఎవరైనా సందేహం ఎత్తితే ముందు వాళ్ళకో పని అంటగడతారు. జవాబు సంగతి తరవాత.

కామేశం ఆయనకు ఇష్టమైన శిష్యుడు. భక్తి జాస్తి, తొందర అంతకన్నా జాస్తి. ఆ శనివారం పొద్దున్నే కారు దిగుతూనే మొదలుపెట్టాడు.

"గురువుగారూ, శ్రద్ధ అంటే నమ్మకమని పుస్తకంలో ఉంది. మా అమ్మేమో శ్రద్ధగా చెయ్యరా అంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యమని. ఇంతకీ ఏది శ్రద్ధ?"

ఆయన ఆ ప్రశ్న విననట్టే, కారు ఆగేటప్పుడు ఆ కీచు చప్పుడేమిటని అడిగారు. నెల్లాళ్ళుగా అంతేనన్నాడు కామేశం. మర్నాడు భార్యనీ ఏడాది కొడుకునీ తీసుకుని ఇదే కారులో కొండెక్కుతున్నాడట, పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించడానికి. వెళ్ళేది స్వామి దగ్గరికే కాబట్టి అంతా ఆయనే చూసుకుంటాడని ధీమా. ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు మలుపుల్లో చూసుకోవలసింది బ్రేకులే అని గురువుగారు గొణిగి, తన స్కూటరిచ్చి, ముందు చక్రాలకు కొత్త బ్రేకు డిస్కులూ, వాటిని నొక్కిపట్టి ఆపే ప్యాడ్లూ కొనుక్కురమ్మని తరిమారు.

ఇద్దరూ కలిసి చక్రాలు విప్పారు. పాత ప్యాడ్లు ఇనుము తేలేదాకా అరిగిపోయి ఉన్నాయి. డిస్కుల నిండా దున్నినట్టు చాళ్ళు పడ్డాయి. కామేశానికి కొడుకు మొహం కళ్ళ ముందు మెదిలింది. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా పూసి ఉన్న నూనెనంతా గురువుగారు కడిగి, తుడిచి, వాటిని ఎక్కించారు. ప్యాడ్లు పెట్టమని అతనికి అప్పజెప్పి కాఫీకి లోపలికి వెళ్ళారు.

తళతళలాడుతున్న ఆ డిస్కులను చూసేసరికి మన కామేశం చేతులు ఊరుకుంటాయా? కొత్త వస్తువు బొట్టు లేకుండా బోసిగా ఉంటే ఎలా? పెరటివైపు నుంచి వెళ్ళి గురువుగారి భార్య సుభద్రమ్మగారిని పసుపూ కుంకుమా అడిగి తెచ్చుకున్నాడు. రాలిపోకూడదని నువ్వులనూనెతో రంగరించి, రెండు డిస్కులకీ రెండువైపులా దిట్టంగా పట్టించి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు ప్యాడ్లు బిగించాడు.

గురువుగారు వచ్చి చూశారు. మీసాల్లో నవ్వుకున్నారు. చక్రాలు ఎక్కించి, పెడల్ గట్టిపడేదాకా తొక్కించి, తాను పక్కన కూర్చుని హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి వేశారు. సందు చివర ఎవరో ఇల్లు కడుతూ పోయించిన ఇసకకుప్ప దాకా మెల్లగా పోనిమ్మన్నారు. ఖాళీ సందు. కుప్పకు కాస్త ఇవతలే కామేశం దర్జాగా బ్రేకు నొక్కాడు. కారు ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. గురువుగారు హ్యాండ్‌బ్రేక్ లాగితే, ఇసకలో ముక్కు దూర్చి అప్పుడు నిలబడింది.

"నీ బొట్టు బాగానే పట్టిందిరా. బ్రేకే పట్టలేదు" అన్నారు గురువుగారు.

కామేశం సిగ్గుతో చచ్చిపోయాడు. ఇదే కొండ దిగేటప్పుడైతే అనుకుంటూ చక్రాలు మళ్ళీ విప్పాడు. నూనె పీల్చిన ప్యాడ్లు ఇక పనికిరావనడంతో మళ్ళీ షాపుకి పరుగెత్తాడు. పొద్దున్నేగా కొన్నారని షాపతను నవ్వితే, సంగతి చెప్పి తానూ నవ్వేశాడు.

ఈసారి గురువుగారు కుర్చీలోంచి లేవలేదు. డిస్కులు అతనే కడిగాడు, తుడిచాడు. ఉతికిన తెల్లగుడ్డ తెచ్చి, దానికి మరక అంటనిదాకా మళ్ళీ తుడిచాడు. ఒక్కొక్క బోల్టూ చేత్తో తడిమి చూసుకున్నాడు. నోట మాట లేదు, మంత్రం అంతకన్నా లేదు. సందులోకి తీసుకెళ్ళి నొక్కితే కారు కట్టేసినట్టు ఆగింది. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా అక్కడే అటూ ఇటూ నడిపించి, ఆపించి, ఇక కొండకు పోవచ్చన్నారు గురువుగారు.

బయల్దేరబోతుంటే కామేశానికి తన ప్రశ్న గుర్తొచ్చింది. శ్రద్ధ సంగతి మీరు చెప్పనేలేదని నసిగాడు. సోమయాజులుగారు గిన్నెలో మిగిలిన కుంకుమ వేలితో తీసి అతని నుదుట పెట్టారు.

"ఇందాక నువ్వు తుడుస్తుంటే మా ఆవిడ లోపల్నుంచి అడిగింది, ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి, పూజేమైనా జరుగుతోందా అని. అవుననే చెప్పాను."