హాస్యగాడి అప్పీలు

తోలుబొమ్మల పెట్టెలో నర్తకి బొమ్మ మెడ తెగి చచ్చిపోయింది. మంత్రి బొమ్మ విచారణ జరిపి, చంపింది హాస్యగాడేనని తేల్చాడు. వాణ్ని ముక్కలుగా కోసి, చిరిగిన బొమ్మలకు అతుకులు వేయాలని శిక్ష పడింది.

సాక్ష్యానికి లోటు లేదు. నర్తకి ఒంటి మీది ఎర్ర రంగు హాస్యగాడి అరచేతికి అంటుకుని ఉంది. పైగా ఆమె పోయాక రెండు ఊళ్లలో, నిండు జనం ముందు, తెర మీద వాడే నేరం ఒప్పుకున్నాడు. "నర్తకి ఏదిరా?" అని జనం కేకలు పెడితే, "దాన్ని నేనే చంపేశాను బాబోయ్!" అన్నాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మంత్రి మాత్రం నవ్వలేదు. నవ్వితే మంత్రి ఎలా అవుతాడు?

హాస్యగాడు రాజు బొమ్మకు అప్పీలు చేసుకున్నాడు. పెట్టెలో రాజు మాటే ఆఖరు.

"ఆమె మీద నీకు అసూయ ఉందా?" అని అడిగాడు రాజు.

"ఉంది ప్రభూ. ఆమె వస్తే ఊరంతా ఊపిరి బిగబట్టి చూసేది. నన్ను చూస్తే నవ్వడమే. ఒక్కరైనా నన్నలా చూడరా అని కుళ్లి చచ్చాను. కానీ చంపలేదు."

రాజు ఇబ్బందిగా కదిలాడు. అసూయ గురించి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన తీర్పు చెప్పే ఘట్టం రాగానే జనం ఆవలించేవాళ్లు, చుట్టలు వెలిగించుకునేవాళ్లు. ఈ బానపొట్టవాడు తల ఊపితే చాలు, ముసలివాళ్లు కూడా విరగబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వు విన్నప్పుడల్లా రాజుకు కడుపు మండిపోయేది.

"మరి రంగు మాటేమిటి?"

"అందరం ఒకే పెట్టెలో ఒకరి మీద ఒకరం పడుకుంటాం. తమరి భుజానికీ ఆ ఎరుపే అంటింది, చూసుకోండి ప్రభూ."

రాజు చూసుకోలేదు.

"నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావుగా?"

"అది నా గొంతా ప్రభూ? తెర మీద మనం ఏనాడైనా సొంతంగా మాట్లాడామా? తెర వెనక మనల్ని ఆడించే ఆటగాడు అన్నాడు ఆ మాట. నా చేత గుండెలు బాదించాడు. నేను ఊగాను, అంతే."

పెట్టెలో గుసగుసలు బయల్దేరాయి. అది నిజమని అందరికీ తెలుసు. రాజుకూ తెలుసు.

కానీ ఆ మాట ఒప్పుకుంటే, ఇన్నేళ్లుగా రాజు చెప్పిన తీర్పులు ఎవరివి? గెలిచిన యుద్ధాలు ఎవరివి? హాస్యగాడికి ఆ ఆలోచనే రాలేదు పాపం. ప్రాణం మీదికి వచ్చినవాడు ఎదుటివాడి గద్దె గురించి ఏం ఆలోచిస్తాడు!

"తెర మీద ఎవరి మాట వారిదే," అన్నాడు రాజు. "అప్పీలు కొట్టేశాను."

మర్నాడు కత్తెర తన పని చేసింది. హాస్యగాడి తోలులో ఒక ముక్క చిరిగిపోయిన రాజు దవడకు అతుకుగా పడింది.

తర్వాతి ఊళ్లో రాజు తెర మీదికి వచ్చి గంభీరంగా తీర్పు మొదలుపెట్టాడు. దవడ వంకరగా ఊగింది. జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. ఇన్నేళ్లకు ఆ నవ్వు తనదైందని రాజు పొంగిపోయాడు.

అప్పుడు జనంలోంచి ఎవరో అరిచారు. "ఓరి వీడా! మన హాస్యగాడేరోయ్, కిరీటం పెట్టుకొచ్చాడు!"

నవ్వులు ఇంకా పెరిగాయి. రాజుకు మళ్లీ కడుపు మండింది. చచ్చినవాడి మీద ఎవరికి అప్పీలు చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.